తీగలేని ఆటకు తీగ: ఒక సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం: "తీగ లేకుండా ఆడుకోండి. మేలైన అనుభవానికి తీగ వాడండి."

ఈ సూత్రానికి కర్త ఫలానా అని చెప్పడానికి వీల్లేదు. గేమ్ కన్సోల్‌లో నడిచే ఆటను వైఫై మీద ఇంట్లోని కంప్యూటర్‌కు పంపే సదుపాయాన్ని ఎవరు ఇచ్చినా, మొదటి వాక్యం ప్రకటనలో ఉంటుంది, రెండోది సహాయ పత్రంలో ఉంటుంది. ఒకటి కొనేముందు చదివేది, రెండోది కొన్నాక చదివేది. రెండూ ఒకే పూట ఎవరి కంటా పడవు కాబట్టి వాటి మధ్య విరోధం బయటికి రాదు. ఆ రెంటినీ ఒకచోట కూర్చోబెట్టడమే ఇక్కడ టీకాకారుడి పని.

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథ సూరి తెలుగువాడు. ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ముందే ప్రతిజ్ఞ చేసి మరీ కలం పట్టాడు. ప్రస్తుత టీకాకారుడు ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని మాత్రమే స్వీకరిస్తున్నాడు.

ఇక అవతారిక. ఇంట్లో టీవీ ఒకటే. రాత్రి భోజనాల వేళ దాకా అది సీరియల్‌ది, ఆ తర్వాత క్రికెట్‌ది. కన్సోల్ ఆ టీవీని అంటిపెట్టుకుని ఉంది. పక్క గదిలో ల్యాప్‌టాప్ ఖాళీగా ఉంది. ఈ సంకటాన్ని తీర్చాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 2006లో ప్లేస్టేషన్ 3 వచ్చినప్పుడే దాని తెరను పీఎస్‌పీ అనే చేతిపెట్టెలో చూపించే ఏర్పాటు ఉంది, కొద్దిపాటి ఆటలకే అయినా. 2015 జూలైలో విండోస్ 10తోపాటు ఎక్స్‌బాక్స్ వన్ ఆటలు కంప్యూటర్‌కు వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో 3.50 అప్‌డేట్‌తో ప్లేస్టేషన్ 4 కూడా విండోస్, మ్యాక్ యంత్రాల్లోకి దిగింది. అప్పటి నుంచి ఈ సూత్రం పారాయణలో ఉంది.

"తీగ", "లేకుండా", "ఆడుకోండి" అనే పదాలకు అర్థం చెప్పనక్కర్లేదు, వదిలేద్దాం. చిక్కంతా "మేలైన అనుభవం" దగ్గరే.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు కూడా తెలుగువాడే. జ్ఞానాన్ని ఆయన రెండుగా చీల్చాడు: స్మృతి, అనుభవం. అనుభవాన్ని మళ్లీ రెండు చేశాడు: యథార్థం, అయథార్థం. ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుసుకుంటే మొదటిది, తాడును పాముగా చూస్తే రెండోది. ఇందులో మేలైన అనుభవం, మధ్యరకం అనుభవం, నాసిరకం అనుభవం అన్న విభాగమే లేదు. మరి సహాయ పత్రం రాసినవారి ఉద్దేశం ఏమిటి? ప్రత్యర్థి గుద్దు ఇంకా తగల్లేదని తెర చెబుతుంటే, కన్సోల్‌లో అది ఎప్పుడో తగిలి ఆటగాడు కిందపడిపోయి ఉంటే, అది శాస్త్రప్రకారం అయథార్థానుభవం. ఆ మాట అనడానికి మొహమాటపడి "మేలైనది కాకపోవచ్చు" అన్నారని అన్వయించుకోవాలి.

ఇక్కడొక శంక. ఇదే వైఫై మీద, ఇదే ల్యాప్‌టాప్‌లో నెట్‌ఫ్లిక్స్ సినిమా అద్దంలా వస్తోంది. దానికి లేని రోగం ఆటకెందుకు?

న్యాయమైన ప్రశ్నే. ఈ ప్రశ్నకు సహాయ పత్రాల్లో సమాధానం దొరకడం అరుదు. తార్కికుల దగ్గర మాత్రం నాలుగు రకాల అభావాలు సిద్ధంగా ఉన్నాయి, ఇక్కడ రెండు చాలు. సినిమా అనేది ఎప్పుడో పూర్తయి సర్వర్‌లో కూర్చున్న వస్తువు. చూసేవాడు ఈ నిమిషంలో ఉండగానే రాబోయే దృశ్యాన్ని ముందుగా తెచ్చి దాచుకోవచ్చు, మధ్యలో వైఫై కాస్త తడబడినా దాచిన సరుకుతో నెట్టుకురావచ్చు. ఆటలో రాబోయే ఫ్రేము ప్రాగభావంలో ఉంది, అంటే అది ఇంకా పుట్టనేలేదు. ఆడేవాడు బటన్ నొక్కితేగాని ఏం పుట్టాలో కన్సోల్‌కు కూడా తెలియదు. పుట్టనిదాన్ని దాచడం ఎలా? పోనీ, దారిలో తప్పిపోయినదాన్ని మళ్లీ పంపమందామంటే అది వచ్చేసరికి దాని పొద్దు దాటిపోతుంది. అది ప్రధ్వంసాభావం. ఆట ప్రసారం అంతా ఈ రెండు అభావాల మధ్య సందులో జరగాలి.

ఆ సందు ఎంత? కంట్రోలర్ మీద వేలు పడుతుంది. ఆ వార్త ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి కన్సోల్‌కు పోతుంది. ఆట అక్కడ ఒక అడుగు ముందుకు వేస్తుంది. కొత్త బొమ్మ తయారవుతుంది, వీడియోగా కుదించబడుతుంది, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది, ల్యాప్‌టాప్‌లో విప్పబడుతుంది, తెర మీద పడుతుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటైతే ఒక్కో ఫ్రేముకు దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. మిల్లీసెకను అనేది మన నోటికి పరాయి కొలత కనుక స్వదేశీ మానంలోకి మార్చుకోవడం టీకాకారుడి కర్తవ్యం.

భాగవతం తృతీయ స్కంధంలో కాలమానం ఉంది. నూరు త్రుటులు ఒక వేధ, మూడు వేధలు ఒక లవం, మూడు లవాలు ఒక నిమేషం, మూడు నిమేషాలు ఒక క్షణం. అయిదు క్షణాలు కాష్ఠ, పదిహేను కాష్ఠలు లఘువు, పదిహేను లఘువులు నాడిక. నాడిక అంటే 24 నిమిషాల ఘడియ. కింద నుంచి పైకి కాకుండా పై నుంచి కిందికి భాగించుకుంటూ వస్తే క్షణం 1.28 సెకన్లు, నిమేషం 427 మిల్లీసెకన్లు, లవం 142, వేధ 47. త్రుటి అర మిల్లీసెకనుకు రవ్వంత తక్కువ. ఈ లెక్కన 60 ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేము ఆయుర్దాయం 35 త్రుటులు.

ఇది గాలికబుర్ల లెక్క అనుకునేవారు స్ట్రీట్ ఫైటర్ 5 ఆడేవాళ్లను అడగాలి. వాళ్లు దెబ్బలను ఫ్రేముల్లోనే లెక్కపెడతారు. ఆ ఆటలో అన్నిటికన్నా చురుకైన మామూలు గుద్దు బయటపడటానికి పట్టేది 3 ఫ్రేములు. అంటే 50 మిల్లీసెకన్లు. అంటే దాదాపు ఒక వేధ. దారిలో ఒక వేధ ఆలస్యం చేరితే గుద్దు తగిలాక కనిపిస్తుంది. లవం చేరితే, గుద్దినవాడు రెండోది కూడా గుద్ది ఉంటాడు.

అమరకోశం మాత్రం ఇంకో మాట చెబుతుంది. కాలవర్గంలో 18 నిమేషాలు కాష్ఠ, 30 కాష్ఠలు కళ, 30 కళలు క్షణం, 12 క్షణాలు ముహూర్తం. ముహూర్తం 48 నిమిషాలు కాబట్టి క్షణమే 4 నిమిషాలు అవుతుంది. దిగి వస్తే అమరసింహుడి నిమేషం 14.8 మిల్లీసెకన్లు. భాగవత నిమేషం కన్నా దాదాపు 29 రెట్లు చిన్నది! కనురెప్ప వాల్చి ఎత్తడానికి మనిషికి 100 నుంచి 400 మిల్లీసెకన్లు పడుతుందని శరీరశాస్త్రం. భాగవతకారుడి రెప్ప కాస్త బద్ధకంగానైనా మనిషి రెప్పలాగే ఉంది. అమరసింహుడి రెప్పపాటులో మనిషి రెప్ప కదలడం మొదలైనా పూర్తికాదు. కానీ 60 ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేము 16.7. నిఘంటుకారుడు కొలిచింది కంటిరెప్పను కాదు, గేమింగ్ మానిటర్‌ను అని ఎవరైనా సిద్ధాంతవ్యాసం సమర్పిస్తే టీకాకారుడు అడ్డుచెప్పడు. కాష్ఠకు 18 నిమేషాలెందుకు, 15 చాలవా అని తొందరపడి దిద్దేవారు ఒకటి గమనించాలి: 15తో కాదు, 16తో భాగిస్తే నిమేషం సరిగ్గా 16.7 మిల్లీసెకన్లే అవుతుంది. పాఠాంతరం దొరికితే బాగుండును.

సరే, తీగ సంగతి మిగిలిపోయింది.

శబ్దం చెవిదాకా ఎలా వస్తుందన్న దానిపై తార్కికుల్లో రెండు పక్షాలున్నాయి. అలమీద అలలా ఒకదాన్నుంచి ఒకటి పుడుతూ వస్తుందనేది వీచీతరంగ న్యాయం. కడిమి మొగ్గ విచ్చుకున్నట్టు ఒక్కసారే అన్ని దిక్కులకూ పుడుతుందనేది కదంబగోళక న్యాయం. రౌటర్ విషయంలో రెండో పక్షమే చెల్లుతుంది. ల్యాప్‌టాప్‌కు పంపిన బొమ్మ పై అంతస్తుకూ పోతుంది, పక్క ఫ్లాట్ హాల్లోకీ పోతుంది. పక్క ఫ్లాట్‌ది ఇటూ వస్తుంది. ఒక చానల్‌లో ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్లు వినిపించినంతసేపూ ఆగాలి, ఇది వైఫై ధర్మం. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కని చానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో రౌటర్లు ఎన్ని ఉంటాయో చదువరులు తమ ఫోన్‌లో చూసుకోవచ్చు. ఆ పైన వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే.

దీనికి తోడు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. కన్సోలూ వైఫై మీదే, ల్యాప్‌టాపూ వైఫై మీదే ఉంటే, ప్రతి బొమ్మా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. కన్సోల్ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు ఒకసారి. రెండూ ఒకే చానల్‌లో ఉంటే 15 ఎంబీపీఎస్ వీడియో గాలిలో 30 ఎంబీపీఎస్ చోటు తింటుంది. కన్సోల్‌ను ఒక్క ఈథర్‌నెట్ తీగతో రౌటర్‌కు కలిపితే ఆ భారం సగానికి దిగుతుంది. సహాయ పత్రంలోని "తీగ వాడండి" వెనక ఉన్న కారణాల్లో ముఖ్యమైనది ఇదే. కారణం చెప్పి ఉంటే ల్యాప్‌టాప్‌కు తీగ లాగాలా, కన్సోల్‌కు లాగాలా అని జనం గోడలకు రంధ్రాలు పెట్టుకునేవారు కాదు. చాలా ఇళ్లలో రౌటర్ టీవీ పక్కనే ఉంటుంది, కన్సోల్ కూడా టీవీ పక్కనే ఉంటుంది. రెంటి మధ్యా మూరెడు తీగ చాలు.

5 గిగాహెర్ట్జ్ వాడమనే సలహా కూడా పత్రాల్లో ఉంటుంది. మంచి సలహానే. కాకపోతే 2013లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ 4లోని వైఫైకి 5 గిగాహెర్ట్జ్ రాదు, 2.4 మాత్రమే. 2016లో స్లిమ్, ప్రో నమూనాలు వచ్చేదాకా ప్లేస్టేషన్ 4కు ఆ బ్యాండ్ దొరకలేదు. అదే పెట్టెలో గిగాబిట్ ఈథర్‌నెట్ రంధ్రం మాత్రం మొదటి రోజు నుంచీ ఉంది. మొదటి నమూనా కొన్నవాడికి 5 గిగాహెర్ట్జ్ వాడమని చెప్పడం ఉపదేశం అనిపించుకోదు.

ఇక "హై స్పీడ్ ఇంటర్నెట్ ఉండాలి" అనే లక్షణవాక్యం. లక్షణానికి మూడు దోషాలు చెబుతారు: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. ఇంట్లో కన్సోల్ నుంచి ఇంట్లో ల్యాప్‌టాప్‌కు వెళ్లే బొమ్మ వీధిలోకి అడుగుపెట్టదు, రౌటర్ దగ్గరే వెనుదిరుగుతుంది. ఖాతాలోకి సైన్ ఇన్ కావడానికి బయటి ఇంటర్నెట్ కావాలి, ఆటబొమ్మ రావడానికి కాదు. కాబట్టి 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా ఆట ఆగిపోయే ఇళ్లున్నాయి, అది అతివ్యాప్తి. చవక ప్లాన్‌తోనూ సాఫీగా ఆడే ఇళ్లున్నాయి, అది అవ్యాప్తి. మూడో దోషం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు తగులుతుంది. ప్లాన్ పెంచుకుంటే సరిపోతుందని అవతలి గొంతు అంటుంది. నెలనెలా అదనంగా డబ్బు కట్టినవాడికి ఆట అంతకుముందు ఎక్కడ ఆగేదో అక్కడే ఆగుతుంది.

ఈ సూత్రం మీద అసలు కోపం విరోధాభాసం గురించి కాదు. తెర మసకబారినప్పుడు "మీ నెట్‌వర్క్ సరిచూసుకోండి" అనే ఒకే ఒక్క మాట వస్తుంది. దారిలో ఉన్న మజిలీలు మూడు: కన్సోల్ నుంచి రౌటర్, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్‌లో బొమ్మ విప్పడం. ఎక్కడ తెగిందో యంత్రానికి చాలావరకు తెలుసు. తెలిసీ చెప్పదు. చెప్పడం అసాధ్యమా అంటే కాదు. కంప్యూటర్ పంపే ఆటను అందుకునే మూన్‌లైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీటలు నొక్కితే దారిలో ఎన్ని ఫ్రేములు పోయాయో, నెట్‌వర్క్ ఆలస్యం ఎంతో, విప్పడానికి ఎంత పట్టిందో అంకెలు తెర మూల కనిపిస్తాయి. స్టీమ్ ప్రసారంలోనూ అలాంటి పట్టిక ఉంది. ఊరకే ఇచ్చేవాళ్లు చెప్పగలిగిన సంగతిని వేలకువేలు పుచ్చుకున్నవాళ్లు గుట్టుగా ఉంచి, తప్పంతా మీ ఇంటి గోడలదే అన్నట్టు మాట్లాడటం ఏం మర్యాద?

తాత్పర్యం. కన్సోల్‌ను తీగతో రౌటర్‌కు కలపండి. ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ మీద, రౌటర్ ఉన్న గదిలోనో ఒక్క గోడ అవతలో పెట్టుకోండి. బొమ్మ నాణ్యతను 1080 నుంచి 720కి దింపడానికి సిగ్గుపడొద్దు. నిదానంగా ఆలోచించి ఎత్తువేసే ఆటలు హాయిగా ఆడుకోండి, గుద్దులాటలకు మాత్రం సీరియల్ అయ్యేదాకా ఆగి టీవీ దగ్గరే కూర్చోండి.

ప్లేస్టేషన్ 5 పెట్టె విప్పితే హెచ్‌డీఎమ్‌ఐ తీగ ఉంటుంది, కరెంటు తీగ ఉంటుంది, కంట్రోలర్‌కు ఛార్జింగ్ పెట్టే యూఎస్‌బీ తీగ ఉంటుంది. ఈథర్‌నెట్ తీగ ఉండదు, అది విడిగా కొనుక్కోవాలి.