పదహారు బిట్ల బీటెక్

1972లో రెండు పుట్టాయి. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేతుల మీదుగా సి భాష, అక్టోబర్ 2న హైదరాబాద్‌లో జేఎన్‌టీయూ. సి ఆ తర్వాత 1989లో ఒక ప్రమాణానికి ఒదిగింది. 1999లో, 2011లో, మళ్ళీ 2024లో మారింది. యూనివర్సిటీ 2008లో నాలుగు ముక్కలైంది. పంపకాల్లో ఎవరి వాటాకు ఏది వచ్చినా, కంప్యూటర్ ల్యాబులోని నీలం తెర మాత్రం ఉమ్మడి ఆస్తిగా నిలిచింది.

ఆ నీలం తెర టర్బో సి. బోర్లాండ్ కంపెనీ దాని తొలి వెర్షన్‌ను 1987లో విడుదల చేసింది. ఇప్పటి 64 బిట్ విండోస్ దాన్ని గడప తొక్కనివ్వదు. అందుకని డాస్‌బాక్స్ అనే దొడ్డిదారి తవ్వి మరీ లోపలికి తెచ్చుకునే కాలేజీలు ఉన్నాయి. భక్తి అంటే అదీ.

బహ్రెయిన్‌లోని సనాబిస్ నుంచి చూస్తే ఈ భక్తి ఇంకా ముచ్చటగా ఉంటుంది. మనామాను ఆనుకుని, దానా మాల్ చుట్టుపక్కల ఫ్లాట్లలో ఉండే తెలుగు కుటుంబాల పిల్లలు ఈసా టౌన్‌లో ఇండియన్ స్కూల్‌కు వెళ్తారు. సీబీఎస్‌ఈ కాబట్టి కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవాళ్ళకు ప్లస్ వన్, ప్లస్ టూలలోనే పైథాన్ వచ్చేస్తుంది. అమెజాన్ మధ్యప్రాచ్యంలో తన తొలి క్లౌడ్ కేంద్రాలను తెరిచింది కూడా ఆ దేశంలోనే, 2019 జులైలో. అంత దగ్గర్లో క్లౌడ్‌ను పెట్టుకుని, పిల్లవాణ్ణి ఎన్‌ఆర్‌ఐ కోటాలో హైదరాబాద్ శివారు కాలేజీకి పంపుతారు. సీఎస్‌ఈ కాకపోతే చుట్టాలు ఊరుకోరు మరి.

మొదటి ఏడాది సబ్జెక్టు పేరు 'ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్'. ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో ఉన్న పేరే. ఆ ప్రాబ్లమ్ ఏమిటో రెండో వారానికల్లా తెలిసిపోతుంది. దాని పేరు రికార్డు.

సనాబిస్‌లో రాత్రి ఏడున్నర అంటే హాస్టల్లో పది. ఫోన్లో తండ్రి అడుగుతాడు. "ఏరా, ప్రోగ్రామ్ రాశావా?"

"మూడుసార్లు రాశాను నాన్నా. అబ్జర్వేషన్‌లో ఒకసారి, రికార్డులో ఒకసారి, ఇంటర్నల్‌లో ఒకసారి."

"మరి కంప్యూటర్లో?"

"మా బ్యాచ్ వంతు బుధవారం."

రికార్డు పద్ధతి తెలియనివారికి ఒక మాట. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రామ్, ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్. ప్రోగ్రామ్ ఆడకముందే అవుట్‌పుట్ వచ్చేస్తుంది, ఎందుకంటే సీనియర్ రికార్డులో అది నిరుడే వచ్చింది. ఎర్ర సిరా సంతకం పడితే ప్రోగ్రామ్ కంపైల్ అయినట్టు. సెమీకోలన్ మరిచినా సంతకం ఆగదు గానీ, మార్జిన్ గీయకపోతే మాత్రం ఎర్రర్.

ఆ పేజీల్లో ఇంకా 'గెట్స్' ఫంక్షన్ కనిపిస్తుంది. లోపలికి ఎంత పొడుగు వాక్యం వస్తుందో చూసుకోని అమాయకురాలు అది. 1988లో ఇంటర్నెట్‌ను అల్లాడించిన మోరిస్ వర్మ్ దూరిన కంతల్లో దానిదీ ఒకటి. 2011 ప్రమాణంలో దాన్ని పూర్తిగా తీసేశారు. తెర తుడిచే 'కోనియో' హెడర్ అయితే ఏనాడూ ప్రమాణంలో లేదు. అయినా తెర తుడవకుండా మొదలుపెట్టడం అశుభమని మనవాళ్ళ నమ్మకం.

తప్పు సి భాషది కాదు. లైనక్స్ గుండెకాయ అందులోనే ఉంది. కుర్రాడు స్కూల్లో నేర్చుకున్న పైథాన్‌ను నడిపించే అసలు యంత్రాంగం కూడా సి లోనే రాశారు. కెర్నిగన్, రిచీ 1978లో రాసిన పుస్తకం రెండు వందల పైచిలుకు పేజీలే. మొదటి పాఠంలోనే వాళ్ళు చెప్పింది ప్రోగ్రామ్ టైపు చేసి, నడిపి, తెర మీద ఏం వచ్చిందో చూడమని. మనం దాన్ని అట్ట వేసి, లేబుల్ అంటించి, నేర్చుకున్నాం. నేర్చుకున్నదేమిటన్నది నాలుగేళ్ళ తర్వాత అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు తేలుస్తాయి.

బుధవారం వచ్చింది. కుర్రాడికి ఇంటి లెక్క వేద్దామనిపించింది. బహ్రెయిన్ దినార్‌కు వెయ్యి ఫిల్సులు, అంటే దశాంశం తర్వాత మూడంకెలు. పుస్తకంలోని డబ్బు లెక్కలన్నీ రూపాయలూ పైసలూ కాబట్టి రెండంకెల దగ్గర ఆగిపోతాయి. సనాబిస్‌లో కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టులో 1.275 దినార్ల బిల్లు ఆ ప్రోగ్రామ్‌లో మూడో అంకె పోగొట్టుకుని బయటికొస్తుంది. సర్దుకున్నాడు.

తర్వాత, నాన్న నెలనెలా నాయనమ్మకు పంపే 200 దినార్లను రూపాయల్లోకి మార్చబోయాడు. దినార్ 225 రూపాయలనుకుని, రెండూ 'ఇంట్'లో వేసి గుణించాడు. రావలసింది 45,000. టర్బో సి లో ఇంట్‌కు పదహారు బిట్లే, 32,767 దాటితే లెక్క తిరగబడి మైనస్ వైపు నుంచి మొదలవుతుంది. తెర మీద మైనస్ 20,536 పడింది. గల్ఫ్‌కు వెళ్ళేటప్పుడు ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు కంపైలర్‌కు ఎవరు చెప్పారో!

సార్‌ని అడిగితే ఆయన తెర వంక కాదు, సిలబస్ కాపీ వంక చూశారు. "దినార్లు యూనిట్ టూలో లేవు. ఎగ్జామ్‌లో రావు, వదిలెయ్. రికార్డు తెచ్చావా?"

ఎన్‌ఆర్‌ఐ కోటా ఫీజు విషయంలో మాత్రం టర్బో సి ని వేలెత్తి చూపలేం. అది డాలర్లలో కడతారు. ఏడాదికి అయిదు వేలు వేసుకున్నా నాలుగేళ్ళకు 20,000. పదహారు బిట్లలో హాయిగా పడుతుంది, ఒక్క డాలరు కూడా అటూ ఇటూ కాదు.