ఉన్న మోడెం, లేదనే రౌటర్

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించిన రౌటర్‌కు 4జీ డాంగిల్ గుచ్చాక నెట్ రాకపోతే, మొదటి నింద సిమ్ మీద పడుతుంది, తర్వాత సిగ్నల్ మీద, ఆపైన ఏపీఎన్ మీద. ఏపీఎన్ గడిలో 'జియోనెట్' అని కొట్టి, చెరిపి, మళ్లీ అదే కొట్టడం ఈ వ్యవహారంలో అందరూ చేసే తొలి పూజ. మోడెం అనేదొకటి వచ్చిందని రౌటర్ ఒప్పుకోనంతవరకు ఆ గడిలో ఏం రాసినా చదివే దిక్కుండదు.

లోపం వెతకడం కరెంటు దగ్గర మొదలుకావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు. టవర్ దూరమైనకొద్దీ మోడెం గొంతు పెంచుతుంది, గొంతుతోపాటు ఆకలీ పెంచుతుంది. పాత అడాప్టర్, సన్నటి ఎక్స్‌టెన్షన్ కేబుల్ జత కలిస్తే కర్నెల్ లాగ్‌లో 'ఎర్రర్ -71' అంటూ వరసగా పడుతుంది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే చాలాసార్లు ఇక్కడే కథ ముగుస్తుంది. డాంగిల్ కాక లోపల బిగించే కార్డయితే స్లాట్‌నూ అనుమానించాలి. వైఫై కార్డు కోసం పెట్టిన మినీ పీసీఐఈ స్లాట్‌లో 4జీ కార్డు చక్కగా కూర్చుంటుంది, మర కూడా బిగుస్తుంది. కానీ ఆ స్లాట్‌కు యూఎస్‌బీ తీగలు గీయని బోర్డులు బోలెడు. అలాంటి చోట ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు.

కరెంటు సరే అనుకుంటే, రౌటర్‌కు ఏం కనబడుతోందో అడగాలి. అడగడానికి 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అనే కమాండ్ ఉంది. అది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ముందుగా ఉండదు, దించుకోవాలి. దించుకోవడానికి నెట్ కావాలి. నెట్ కోసమే కదా ఈ పాట్లన్నీ! ఫోన్‌ను యూఎస్‌బీతో కలిపి నెట్ తెచ్చుకుందామంటే దానికీ ఓ డ్రైవర్ దించుకోవాలి. పక్కింటి రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాక్కోవడమో, ప్యాకేజీలను కంప్యూటర్‌లో దించి రౌటర్‌లోకి కాపీ చేయడమో తప్పదు. ఇది ఎవరి పిసినారితనమూ కాదు. చాలా రౌటర్లలో ఫ్లాష్ మెమరీ 8, 16 మెగాబైట్లే కనుక ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అడిగినవారికే వడ్డిస్తుంది. 2003లో లింక్‌సిస్ తన డబ్ల్యూఆర్‌టీ54జీ సోర్స్ కోడ్ బయటపెట్టింది. ఆ కోడ్ ఆధారంగా 2004లో మొదలైన ఫర్మ్‌వేర్ ఇది. ఆ పొదుపు అలవాటు ఇంకా పోలేదు.

ఎల్ఎస్‌యూఎస్‌బీ జాబితాలో మోడెం కనబడినా సంబరపడకూడదు. హువావే డాంగిళ్లు చాలావరకు పగటివేషగాళ్లు: గుమ్మంలోకి సీడీ డ్రైవ్ వేషంలో వస్తాయి. విండోస్ కంప్యూటర్‌లో డ్రైవర్ దానంతటదే ఎక్కడానికి కంపెనీ చేసిన ఏర్పాటది. డ్రైవర్ ఎక్కాక వేషం తీసేసి మోడెంగా మారుతుంది. లినక్స్‌కు ఆ సీడీలోని విండోస్ ప్రోగ్రాంతో పనిలేదు, కనుక రౌటర్ దాన్ని సీడీగానే గౌరవించి ఊరుకుంటుంది. 'యూఎస్‌బీ-మోడ్‌స్విచ్' ప్యాకేజీ వేస్తే అది తగిన సందేశం పంపి వేషం విప్పిస్తుంది. 12డీ1:1446 అని ఉన్న గుర్తింపు సంఖ్యలో చివరి భాగం 1001, 1436, 1506 వంటిదేదో అయితే పని జరిగినట్టే.

వేషం తీశాక దాని భాష తెలిసిన డ్రైవర్ కావాలి. పాత రకానికి 'ఆప్షన్' డ్రైవర్ టీటీవైయూఎస్‌బీ0 వగైరా పోర్టులు తెరుస్తుంది. క్యూఎంఐ, ఎంబీఐఎం రకాలకు వేరే డ్రైవర్లు, వాటి పోర్టు సీడీసీ-డబ్ల్యూడీఎం0. హైలింక్ రకం అసలు మోడెంలా ప్రవర్తించదు. తానే ఒక చిన్న రౌటరై, 192.168.8.1 అడ్రసుతో ఈథర్నెట్ కార్డులా నిలబడుతుంది. దాని కోసం టీటీవై పోర్టు వెతికేవారు రాత్రంతా వెతకవచ్చు. ఇక స్నాప్‌షాట్ బిల్డ్ మోజున్నవారి కష్టం వేరు. బిల్డ్ ఎక్కించి కొన్నాళ్లాగి డ్రైవర్ దించబోతే, ఈలోగా అక్కడ కర్నెల్ మారిపోయి, 'నీ కర్నెల్‌కు ఇది సరిపడదు' అని తిప్పి పంపుతుంది. మొత్తం మళ్లీ ఎక్కించుకోవాల్సిందే. మోడెంను నడిపే ప్రోగ్రాములైన మోడెంమేనేజర్‌నూ యూక్యూఎంఐనీ రెండింటినీ వేసి ఒకే పోర్టు మీదికి తోలడం కూడా మంచిది కాదు. రెండూ కొట్టుకుంటాయి, మోడెం మౌనం వహిస్తుంది.

పోర్టు తెరుచుకున్నాకే సిమ్, ఏపీఎన్‌ల వంతు. 'ఏటీ+సీపిన్?' అని అడిగితే 'రెడీ' అనాలి. పిన్ అడిగితే సిమ్‌కు తాళం ఉన్నట్టు. 'ఏటీ+సీఎస్‌క్యూ'కు జవాబుగా 0 నుంచి 31 లోపు అంకె వస్తుంది, పెద్దదైతే మేలు. 99 వస్తే కొలవడానికి సిగ్నలే అందలేదని. టవర్‌ను తిట్టేముందు, కార్డుకు తగిలించాల్సిన ఆంటెన్నా తీగలు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయేమో చూడాలి.