సప్తోపపద విజయము

లాటిన్ మహాసామ్రాజ్యం ఆర్టికల్ అనేదే ఎరుగకుండా లోకాన్నేలింది. అది కూలిన ధూళిలోంచి 'ఇల్లే' అనే నిర్దేశక సర్వనామం ఒళ్లు దులుపుకుని లేచి, కొంత తల, కొంత తోక పోగొట్టుకుని, ఇటాలియన్ గడ్డ మీద ఏడు రూపాల అవతరించింది. ఇల్, లో, లా, ఇ, ల్యి, లె అని ఆరుగురు. ఏడవవాడు 'ల్': అచ్చు ఎదురైతే తన అచ్చును ఆహుతిచ్చి, నెత్తిన అపాస్ట్రఫీ తురాయితో మిగిలే త్యాగధనుడు.

ఇల్ మహారాజు సౌమ్యమూర్తి. ఉప్పు ముందు, అంటే సాలే ముందు, నిశ్చింతగా నడుస్తాడు. పక్కనే చక్కెర డబ్బా మూత తీయండి! 'జుక్కెరో' అన్న మొదటి అక్షరం చెవిన పడగానే కిరీటం సర్దుకుని పక్కకు తప్పుకుంటాడు. అప్పుడు కదులుతాడు 'లో' సేనాని, స్త-స్ప-స్క-సంయుక్త-దుర్గ-భేదన-ధురంధరుడు! స్తుదెంతే అనే విద్యార్థి, స్పెక్కియో అనే అద్దం, ప్సికోలోగో అనే మనస్తత్వ నిపుణుడు అందరూ ఆయన రక్షణలోనే. పాత ఇటాలియన్‌లో ఆయన ఏలుబడి ఇంతకన్నా విశాలం. 'చాలామటుకు' అనే అర్థంలో నేటికీ వాడే 'పెర్ లో పియు' ఆ పాత మాన్యంలో మిగిలిన చెక్క.

అయితే ఈ వీరుల విశ్వాసం పక్కింటివాడి వరకే. బాబాయో మామో, ఎవరైనా 'లో జియో'. ముసలివాడని చెప్పబోయి నడుమ 'వెక్కియో' చేర్చారా, 'ఇల్ వెక్కియో జియో'! చుట్టరికం చెక్కుచెదరలేదు, ముసలితనం వచ్చి మధ్యలో కూర్చుంది, అంతే, సేనాని ఇంటికెళ్లిపోయాడు.

ఇక గుడ్డు మహిమ. ఒంటరి వోవో మగవాడు. రెండోది పక్కన చేరిందో లేదో, విష్ణువు మోహినియైనట్టు, 'లె వోవా' అని స్త్రీరూపం దాలుస్తుంది. ఆమ్లెట్ వేసేవాళ్లకు ఈ మాయ తెలియక్కర్లేదు గానీ, అడిగేవాళ్లకు తెలియాలి.

దేవతల సంగతి వేరు. ద-కారం ముందు బహువచనంలో 'ఇ' రావాలన్నది శాసనం. అయినా వాళ్లు 'ల్యి దేయి'యే. అడిగే గుండె ఏ వ్యాకర్తకుంది?

'నా పుస్తకం' అనాలన్నా పల్లకీ కావాలి: ఇల్ మియో లీబ్రో. అమ్మ మాత్రం కాలినడకనే వస్తుంది, 'మియా మాద్రే' అని. చెల్లెళ్లు ఇద్దరైతే పల్లకీ మళ్లీ ప్రత్యక్షం.

తీరని యుద్ధం ఒకటుంది, టైరు మీద. 'లో ప్నెవుమాతికో' అనమంటాయి గ్రంథాలు. 'ఇల్' అనేసి పోతుంది జనం నోరు. పిండి జల్లెడను చిహ్నంగా పెట్టుకుని 16వ శతాబ్దిలో ఫ్లోరెన్స్‌లో వెలసి, 1612లో మహానిఘంటువు వెలువరించిన క్రుస్కా పండిత సభ వంటిది ఉన్న దేశంలోనే ఈ రగడ! రోడ్డు పక్కన గాలిపోయిన ఆ చక్రం మాత్రం రాజునైనా సేనానినైనా మోసే స్థితిలో లేదు.