రేకుల షెడ్డే కదండీ!

పర్మిషన్ లేకుండా డాబా మీద ఇంకో అంతస్తు లేపాలంటే సిమెంటూ ఇసుకా తర్వాతి సంగతి. ముందు ఒక మాట నోటికి వచ్చి ఉండాలి: "టెంపరరీయేనండీ, రేకుల షెడ్డే కదా!" ఈ మాట మహిమ ఇంతా అంతా కాదు. ప్లాను అడగాల్సినవాడు అడగడు. సెట్‌బ్యాకు కొలవాల్సినవాడు టేపు చుట్టి జేబులో పెట్టుకుంటాడు. పక్కింటాయన గాలి ఆగిపోయిందని రెండు రోజులు గొణిగి ఊరుకుంటాడు. స్లాబు పోస్తేనే కట్టడమనీ, రేకులు కప్పితే కట్టినట్టే కాదనీ మనవాళ్లకు గట్టి నమ్మకం.

చట్టానికి మాత్రం ఆ నమ్మకం లేదు. హైదరాబాదుకు వర్తించే నగరపాలక చట్టం 1955 నాటిది. భవనమంటే ఏమిటో అందులో రాసిన పెద్దమనిషి ఎవరో గానీ మనల్ని బాగా ఎరిగినవాడు. ఇల్లు, గుర్రపుశాల, మరుగుదొడ్డి, గోదాము, షెడ్డు, గుడిసె, గోడ, కంచె, అరుగు... దేన్నీ వదల్లేదు. ఇటుకతో కట్టినా, కర్రతో కట్టినా, మట్టితో, లోహంతో, ఇంకే పదార్థంతో కట్టినా భవనమే పొమ్మన్నాడు. రేకు లోహం కాదని వాదించే లాయరు ఇంకా పుట్టలేదు గానీ, పుడితే చేతినిండా కేసులే.

షెడ్డు పెరిగే తీరు చూసి తీరాల్సిందే. మొదట నాలుగు ఇనుప గొట్టాలు, పైన నీలం రేకులు. ఎందుకయ్యా అంటే బట్టలు ఆరేసుకోడానికి. వానజల్లు కొడుతోందని ఒకవైపు నడుమెత్తు గోడ వస్తుంది. కోతులు వస్తున్నాయని మిగతా సగం లేస్తుంది. గోడలున్నాక తలుపు లేకపోతే బాగుండదు కదా! తలుపు పెట్టాక లైటు, లైటు వచ్చాక ఏసీ, ఏసీ పెట్టాక కింద టైల్సు, పైన ఫాల్స్ సీలింగు. ఒక శుభోదయాన గుమ్మం పక్కన "లేడీస్ హాస్టల్, ఖాళీలు కలవు" అని బోర్డు కనిపిస్తుంది. ఇంతలో మున్సిపాలిటీ వాళ్లు వచ్చి ఆస్తిపన్ను వేస్తారు, అక్రమ కట్టడం కాబట్టి పైన జరిమానా కూడా తగిలిస్తారు. ఓనరు ఆ రసీదుకే ఫ్రేము కట్టించుకుంటాడు. పర్మిషన్ ఏదయ్యా అంటే దాన్ని చూపిస్తాడు.

మధ్యలో ఎవరూ అడగరా? అడుగుతారు. టౌన్ ప్లానింగు చైన్‌మన్ వస్తాడు, మెడ రిక్కించి పైకి చూస్తాడు.

"ఏంది సార్ ఇది?"

"టెంపరరీ."

"ఎన్నాళ్లు?"

"మా అమ్మాయి పెళ్లయ్యేదాకా."

అమ్మాయి ఏ తరగతి చదువుతోందో ఆయన అడగడు.

ఇదంతా చూసి మన సర్కార్లకు టెంపరరీని టెంపరరీగా ఉంచడం చేతకాదనుకునేరు. భేషుగ్గా చేతనవును. దీపావళి టపాసుల కొట్లు చూడండి. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల్లో ఆ కొట్టుకు రాసిన షరతులు ఇరవై అంతస్తుల టవరుకు కూడా రాసి ఉండరనిపిస్తుంది. షెడ్డు మంట అంటుకోని సామానుతోనే వెయ్యాలి. కొట్టుకూ కొట్టుకూ మధ్య కనీసం 3 మీటర్లుండాలి. ఒకదానికొకటి ఎదురుబొదురుగా ఉండకూడదు. ఒక్కచోట 50 కొట్లకు మించకూడదు. నూనెదీపం, గ్యాసుదీపం దరిదాపుల్లో కనబడకూడదు. పండగ అవుతుంది, గ్రౌండు ఖాళీ అవుతుంది. ఈ దేశంలో ఒక్క టపాసుల కొట్టు కూడా ఇంతవరకూ లేడీస్ హాస్టల్‌గా ఎదగలేదు.

హైదరాబాదు నుమాయిషూ అంతే. 1938లో మొదలైంది. ఏటా జనవరి ఒకటిన వీధులకు వీధులే లేస్తాయి, ఫిబ్రవరి సగానికి మూటాముల్లె సర్దుకుంటాయి. 2019 జనవరి 30 రాత్రి మంటలు రేగి వందలాది స్టాళ్లు కాలిపోయాక ఫైరు వాళ్ల షరతులు మరింత బిగిశాయి. మంచిదే. నెలన్నర బతికే స్టాలుకు ఇన్ని పరీక్షలుంటే, పదేళ్లుగా అరవైమంది పిల్లలు పడుకునే రేకుల హాస్టలుకు మెట్లదారి ఒకటుందో రెండున్నాయో చూసే నాథుడేడీ?

అసలు మామూలు జనాన్ని అని ఏం లాభం! టెంపరరీ విద్యలో మనకు గురువులు పైనే ఉన్నారు. 2016 ఫిబ్రవరిలో వెలగపూడిలో ఆంధ్రప్రదేశ్ తాత్కాలిక సచివాలయానికి శంకుస్థాపన చేశారు. అసలుది లేచేదాకా సర్దుకుందామన్నారు. ఆ ఏడే ఉద్యోగులు వచ్చారు, మరుసటేడు మార్చిలో అసెంబ్లీ కూడా వచ్చి కూర్చుంది. తర్వాత రెండుసార్లు ఎన్నికలయ్యాయి, రెండుసార్లు ప్రభుత్వం మారింది, రాజధాని ఒకటా మూడా అని రాష్ట్రమంతా కొట్టుకుంది. తాత్కాలికం మాత్రం చెక్కు చెదరలేదు. 2017 జూన్‌లో ఓ గట్టి వానకు ప్రతిపక్ష నాయకుడి గదిలో పైనుంచి నీళ్లు కారితే, ఎవరో పైపు కోశారని సీఐడీ విచారణ వేశారు. మన షెడ్డు కారితే మేస్త్రీని పిలుస్తాం, సర్కారు షెడ్డు కారితే సీఐడీని పిలుస్తారు. అంతే తేడా.

పక్కనే నేలపాడులో తాత్కాలిక హైకోర్టు. 2019 ఫిబ్రవరిలో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి రంజన్ గొగోయ్ చేతులమీదుగా ప్రారంభమైంది. షెడ్డు కూల్చొద్దని స్టే కోసం వెళ్లినవాడు నిలబడేదీ తాత్కాలిక భవనంలోనే.

ఇక ఉండవల్లి ప్రజావేదిక కథ వేరు. కృష్ణ ఒడ్డున కట్టారు. 2019లో కొత్త ముఖ్యమంత్రి అందులోనే కలెక్టర్లను కూర్చోబెట్టి, ఇది అక్రమ కట్టడం, కూల్చేస్తున్నామన్నారు. మర్నాటి రాత్రే కూల్చారు. సంవత్సరాల తరబడి ఉన్నది ఆ శిథిలాలే! అవి పర్మనెంటు అయ్యాయి. 2024లో ప్రభుత్వం మళ్లీ మారాక, పాత ముఖ్యమంత్రి కొత్తగా వచ్చి చూసేనాటికీ ఆ గుట్టలు అలాగే ఉన్నాయి.

తెలంగాణ దీన్ని తిరగేసింది. అక్కడ పర్మనెంటు సచివాలయాన్నే 2020లో కూలగొట్టి, కొత్తది 2023 ఏప్రిల్ 30న ప్రారంభించేదాకా బూర్గుల రామకృష్ణారావు భవన్లో టెంపరరీగా కాపురం పెట్టారు. ఒకరికి తాత్కాలికం కూలదు, ఇంకొకరికి శాశ్వతం నిలవదు.

అన్నిటికన్నా ముచ్చటైనది "ఈ ఒక్కసారికే" పథకం. 2007 డిసెంబరులో ఉమ్మడి రాష్ట్రంలో అక్రమ కట్టడాలు క్రమబద్ధీకరించుకోమన్నారు. రాష్ట్రం రెండయ్యాక ఒక్కసారి కాస్తా రెండు చోట్లా మొదలైంది. తెలంగాణలో 2015లో, ఆంధ్రలో 2015లోనూ, మళ్లీ 2019లోనూ. ప్రతిసారీ ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. ఆ తేదీకి ముందే షెడ్డు ఉందని చూపించే పాత కరెంటు బిల్లు కోసం ఊరంతా బీరువాలు తిరగేస్తుంది. పథకం ప్రకటించగానే కొత్త పునాదులు లేవడం కూడా మామూలే, వచ్చే "ఒక్కసారి"కి సిద్ధంగా ఉండాలి కదా!

టెంపరరీ అన్న మాట పనిచేయనిది ఒక్క ఇడ్లీబండికే. దానికి చక్రాలుంటాయి, రాత్రికి ఇంటికెళ్తుంది, అంతకు మించిన తాత్కాలికం ఉంటుందా? 2014 వీధి వ్యాపారుల చట్టం సర్వే చేసి సర్టిఫికెట్ ఇమ్మంది, జాగా ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇమ్మంది. నోటీసు రాదు, తెల్లారేసరికి జేసీబీ వస్తుంది. దాని వెనకున్న ఆరంతస్తుల కాంప్లెక్సు సెల్లారులో డయాగ్నస్టిక్ సెంటరు నడుస్తూనే ఉంటుంది. కార్లు పెట్టుకోవాల్సిన చోట స్కానింగులేమిటయ్యా అంటే, అదీ టెంపరరీయేనట.

ఇంగ్లండులో రోజులు లెక్కపెడతారు. ఖాళీ జాగాను ఏడాదిలో 28 రోజులు వేరే పనికి వాడుకుంటే పర్మిషన్ అక్కర్లేదు, సంత పెడితే మాత్రం 14 రోజులే. అలాగని వాళ్లేమీ ఋషులు కారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పదేళ్ల కోసమని 1,56,000 పైచిలుకు రెడీమేడ్ ఇళ్లు వేస్తే, వాటిలో కొన్ని డెబ్బయ్యేళ్లు దాటినా నిలిచే ఉన్నాయి. కాకపోతే ఎన్నాళ్లన్న ప్రశ్న అక్కడ కాగితం మీద ఉంటుంది. మన దగ్గర అది అమ్మాయి పెళ్లి మీద ఉంటుంది.

కమిషనర్లకూ కలెక్టర్లకూ ఒక్కటే మనవి. టపాసుల కొట్టుకిచ్చే లైసెన్సు లాంటిదే ప్రతి టెంపరరీ కట్టడానికీ ఇవ్వండి. తీసెయ్యాల్సిన తేదీ ముందే వేసి, దారినపోయేవాళ్లకు కనబడేలా గుమ్మం మీద రాయించండి. తేదీ దాటిన రోజున కరెంటు పీకెయ్యండి. వెలగపూడితో మొదలుపెట్టండి, డాబాల మీది షెడ్ల సంగతి ఆ తర్వాత చూడొచ్చు.