గరిటె పట్టుటకు కావలసిన అర్హతలు

మన దేశమున సర్కారు కొలువునకు బోవలెనన్న మనుష్యునిమీద కేసులేవియు నుండరాదు. పోలీసువారు విచారించి, యీతడు నిష్కళంకుడని వ్రాసి యిచ్చినగాని నియామకపత్రము చేతికి రాదు. అట్టి సర్కారువారియొద్దనే, కేసు పెట్టించుకొని, వాయిదాలకు దిరిగి, కఠినశిక్ష వేయించుకొని వచ్చినవానికి మాత్రమే లభించు కొలువొకటి కలదు. అది జైలు వంటశాలలో గరిటె తిప్పు కొలువు. విచారణలో నున్న ఖైదీని పనిచేయుమని నిర్బంధించుటకు వీలులేదు గనుక, పొయ్యి ముందఱ నిలువవలసిన భాగ్యము శిక్షపడినవానికే దక్కినది. 2022వ సంవత్సరాంతమున దేశపు జైళ్లలో నున్న 5,73,220 మందిలో 4,34,302 మంది యింకను దోషులని తేలనివారే యని ప్రభుత్వమువారి లెక్కలే చెప్పుచున్నవి. తేలినవాడు వండుట, తేలనివాడు భుజించుట, ఇదియే మన కారాగారముల యాతిథ్యధర్మము.

ఆ కొలువు సుఖమైనదని యెవరును భ్రమపడరాదు. తెల్లవారకమునుపే, తక్కిన బ్యారక్కులు గుఱ్ఱు పెట్టుచుండగా, వంటవాండ్ర గది తాళము దీయుదురు. బియ్యము, పప్పు, నూనె, చింతపండు, తుదకు ఉప్పుతో సహా తలకిన్ని గ్రాములని తూచి స్టోరులోనుండి యిత్తురు. న్యాయస్థానములందు దులాదండము బొమ్మగా మాత్రమే వ్రేలాడును గాని, అది నిజముగా బనిచేయు చోటు జైలు స్టోరే. ఆపై పడవ నడుపు తెడ్డువంటి గరిటెతో, మెడకు జుట్టిన తువాలుతో చెమట దుడుచుకొనుచు, నిలువెత్తు గంగాళములో పప్పును అడుగంటకుండ కలియబెట్టవలెను. పొద్దుండగనే ఖైదీలను లాకప్పులో బెట్టవలసియుండుటచే రాత్రిభోజనము మధ్యాహ్నమే సిద్ధము కావలెను. నక్షత్రము పొడుచునప్పటికి సాంబారు మీద మీగడ కట్టినంత పని యగును. ఇట్టి చిప్పకూడును ఉచితముగా దినలేక లోపలివారు నిట్టూర్చుచుండ, సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును ప్రదర్శనశాలగా మార్చి, రోజునకు 500 రూపాయలు చెల్లించినవారికి ఖద్దరు దుస్తులు, కంచము, మగ్గు ఇచ్చి, జైలు పద్ధతి ప్రకారము భోజనము పెట్టు ఏర్పాటును 2016లో గావించిరి. ఉచితముగా బెట్టినది చేదుగాను, కొనుక్కొన్నది రుచిగాను దోచుట మానవ స్వభావము కాబోలు.

ఇంతవఱకు జెప్పినది మొదటి యర్హత. రెండవది కోర్టు ఇచ్చునది కాదు, పుట్టుకతో వచ్చునది.

రాజస్థాన్ కారాగార నియమములు వంటవానిగా నియమింపదగినవాడు బ్రాహ్మణుడైనను, తగినంత పైకులపు హిందువైనను గావలెనని విధించినవి. ఎంత పైన నున్న చాలునో కొలుచుటకు దగిన సాధనమును స్టోరునకు సరఫరా చేసినట్లు మాత్రము కానరాదు. ఆ నియమములు 1951 నాటివి. 1950లో రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను దేశమునుండి వెడలగొట్టగా, అది యెచటికిని బోవ దారి తోచక, మఱుసటియేట జైలు వంటింటిలో దలదాచుకొన్నదన్నమాట. హత్య చేసి వచ్చినవాడైనను గులము సరిపోయెనా, ఆతడు వార్చిన గంజి పరమపవిత్రము. మేకను దొంగిలించి వచ్చినవానికి గులము చాలకపోయెనా, ఆతడు దాకిన గరిటె మైలపడును. రక్తము కడిగిన బోవును, పుట్టుక కడిగిన బోదని మన చట్టకర్తల నిశ్చితాభిప్రాయము.

పశ్చిమ వంగరాష్ట్రపు జైలు నియమావళి మఱియొక యడుగు ముందునకు వేసినది. పాకీపనికి మేథర్, హారి మున్నగు కులములవారి నెన్నుకొనవలెనని చెప్పుటతో దృప్తిపడక, ఉన్న వంటవాండ్రు చేసిన యన్నము తినజాలనంత గొప్పకులమువాడెవడైన లోపలికి వచ్చినచో, ఆతనినే వంటవానిగా నియమించి అందఱకును వండింపవలెననియు, తన యొక్కని పొట్టకు వండుకొననీయరాదనియు శాసించినది. ఈ వాక్యమును వ్రాసిన మహనీయుడెవరో గాని, ఆతనికి సాష్టాంగపడ బుద్ధిపుట్టుచున్నది. మడి కావలెనన్న వానికి మడితోబాటు జైలెడు జనుల యాకలిని గూడ గట్టబెట్టుట సామాన్యుని యూహకు దట్టునదియా? ఇదే నియమమును బయటి ప్రపంచమున గూడ నమలుపఱచియుండిన, పెండ్లిపందిళ్లలో వేఱుబంతి కోరు పెద్దమనుష్యు లేనాడో చెఱువుగట్టున పొయ్యిలు త్రవ్వుచుండెడివారు.

దీనికి బూర్వకథ లేకపోలేదు. కంపెనీవారి తొలినాళ్లలో ఖైదీ చేతికింత డబ్బిచ్చి, ఎవరి వంట వారే చేసికొనుడని వదలిపెట్టిరి. తరువాత ఖర్చునకును క్రమశిక్షణకును జూచుకొని ఉమ్మడివంట పెట్టించుటయు, బీహారు జైళ్లు భగ్గుమనుటయు నొక్కటే యయ్యెను. 1855లో ఆరా, ముజఫర్‌పూర్ జైళ్లలో ఇత్తడిచెంబులు లాగికొని మట్టిముంతలిచ్చినందులకు మరల తిరుగుబాటు లేచినది. ముజఫర్‌పూర్‌లో ఊరివారును రైతులును గూడ జైలుమీదికి వచ్చుటతో దొరలు చెంబులు తిరిగి యిచ్చివేసిరి. ఖైదీ స్వాతంత్ర్యమును లాగికొన్న సహించును గాని చెంబును లాగికొన్న సహింపడను రాజనీతి యానాడు తెల్లమైనది. దొరలు పోయినను ఆ భయము దస్త్రములలో భద్రముగ నిలిచినది. 2016లో కేంద్రమువారు పంపిన నమూనా నియమావళి కులమతములను బట్టి వంట నడుపరాదని స్పష్టముగ నిషేధించినది. నమూనా గనుక పెక్కుచోట్ల నమూనాగనే యుండిపోయినది.

సుకన్యా శాంత యను పాత్రికేయురాలు 2020లో ఈ సంగతి బయటబెట్టుటయు, రాజస్థాన్‌వారు మఱుసటియేట తమ నియమమును దిద్దుకొనుటయు, ఆమె వేసిన వ్యాజ్యముపై 2024 అక్టోబరు 3న సర్వోన్నత న్యాయస్థానము ఇట్టి విధులన్నియు రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసి, మూడు నెలలలో నియమావళులు సవరింపుడనియు, ఖైదీల రిజిస్టర్లనుండి కులపు గడిని దీసివేయుడనియు నాజ్ఞాపించుటయు జరిగినవి.

ఇక సూపరింటెండెంటుగారి కష్టమును దలచుకొన్న జాలి కలుగును. మునుపు రిజిస్టరులో గడి చూచి నియమించిన సరిపోయెడిది. ఇప్పుడు గడి లేదు. ఖైదీని ఎదుట నిలువబెట్టి, “ఏమోయి, నీకు వంట వచ్చునా?” యని, నూటయేబదియేండ్లుగా నెవరును వేయని ప్రశ్న వేయవలెను. కల్తీనూనె యమ్మి వచ్చినవానికి స్టోరు తాళములీయవచ్చునా, జేబులు కత్తిరించిన చేయి కూరగాయలు సన్నగా దఱుగునా యని కూడ విచారింపవలెను. హోటలు నడిపి, అప్పులపాలై, చెక్కు చెల్లక లోపలికి వచ్చినవాడొకడు దొరకెనా, బ్యారక్కుల పంట పండినట్లే. చిక్కంతయు నచటనే యున్నది. ఆతడు బాగుగ వండినకొలది శిక్షలో తగ్గింపు, అనగా రెమిషన్, పెరుగును, రెమిషన్ పెరిగినకొలది విడుదల దగ్గఱపడును, ఆతడు గేటు దాటిన మఱునాటినుండి మరల మాడిన పప్పే.