"ఏదో ఒకటి పెట్టెయ్ బాబూ!"

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో మనవాళ్ల బేరం చూసి తీరాలి. బస్తా మూతి విప్పించి, అడుగు నుంచి నాలుగు పాయలు తీయించి, నొక్కి చూసి, కర్నూలు సరుకా మహారాష్ట్ర సరుకా అని రెండుసార్లు అడిగి, కిలోకి రూపాయి తగ్గించేదాకా అక్కణ్నుంచి కదలరు. ఏలూరులో నిమ్మకాయలు కొన్నా ఇదే తంతు. ఇంతటి జాగ్రత్తపరులం ఒక్క చోట మాత్రం కళ్లు మూసేసుకుంటాం. బ్యాంకు ఖాతా, పాన్ కార్డు, ఇన్‌కమ్ ట్యాక్సు, పిల్లల ఎంట్రన్సు, అల్లుడి వీసా అన్నీ వేలాడేది ఈమెయిలు మీదే. దాన్ని ఎంచుకునేటప్పుడు మాత్రం నెట్ సెంటర్ కుర్రాడితో మనం మాట్లాడేది నాలుగే మాటలు: "ఏదో ఒకటి పెట్టెయ్ బాబూ!"

కైకలూరు వైపు చేపల చెరువులున్న ఒక రైతుగారు ఏలూరు వచ్చి మెయిలు పుట్టించుకున్న ముహూర్తం ఇలా జరిగింది.

"మీ పేరుతో ఆల్రెడీ ఎవరికో ఉందండి. వెనకాల నంబర్లు తగిలించమంటారా?"

"బండి నంబరు తగిలించెయ్."

"పాస్‌వర్డండీ?"

"నాకు గుర్తుండదు గానీ, నువ్వే ఏదోటి అనుకో."

"ఓటీపీకి మీ ఫోను ఇలా ఇవ్వండి."

"చార్జింగయిపోయింది. నీది పెట్టెయ్, మనలో మనకేంటి!"

ఈ విధంగా పేరు రైతుగారిది, నంబరు బండిది, పాస్‌వర్డు, ఫోను కుర్రాడివి. కంపెనీవాడు ఉచితంగా ఇచ్చిన ఆ మెయిలుకు కౌంటరు దగ్గర ముప్ఫై రూపాయలు. అక్కడ మాత్రం రైతుగారు గట్టిగా బేరమాడి ఇరవై ఇచ్చారు.

కుర్రాడి దగ్గర ఒక పొడుగాటి నోటు పుస్తకం ఉండేది. అట్ట మీద వినాయకుడు. లోపల భీమడోలు నుంచి ఆకివీడు దాకా జనం మెయిళ్లు వరసగా, ఎదురుగా పాస్‌వర్డులు. పాస్‌వర్డులంటే మరీ అన్ని లేవులెండి, ఊరందరికీ కలిపి ఒకటే: షాపు పేరు, పక్కన ఒకటీ రెండూ మూడూ. తర్వాత కుర్రాడికి పెళ్లయింది, హైదరాబాదు వెళ్లిపోయాడు. షాపులో ఇప్పుడు నూడుల్స్ అమ్ముతున్నారు. పుస్తకంలో కొన్ని పేజీలు పక్క బండి మీద మిరపకాయ బజ్జీల కింద కనిపించాయని వినికిడి.

అసలీ ఉచితం కొత్తదేం కాదు. సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి హాట్‌మెయిల్ పెట్టింది 1996 జూలై 4న. తర్వాతి ఏడాది చివర్లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. అప్పట్లో ఇచ్చే జాగా 2 ఎంబీ. ఈరోజు మీ ఫోన్లో తీసిన ఒక్క రొయ్య ఫొటో అందులో పట్టదు. 2004 ఏప్రిల్ 1న గూగుల్ జీమెయిల్‌తో వచ్చి ఏకంగా ఒక జీబీ ఇస్తానంటే ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు చాలామంది. నిజమేనని తెలిశాక ఆహ్వానాల కోసం ఎగబడ్డారు. పిలుపు అందితేనే ఖాతా కదా, పెళ్లిళ్లకు కూడా అంత పట్టింపు లేదు. యాహూ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2013లో 300 కోట్ల ఖాతాల వివరాలు దొంగలపాలయ్యాయని నాలుగేళ్లు పోయాక ఒప్పుకుంది. మనవాళ్లకు అందులో నష్టమేం లేదు. తమకు యాహూ ఖాతా ఉన్న సంగతి తమకే గుర్తులేదు.

ఉచితంగా ఎందుకిస్తాడండీ అని ఆ రైతుగారు ఒకసారి అడిగారు. ఆయన చెరువులో కర్రలు పాతి, చిల్లులు పెట్టిన తవుడు సంచులు కట్టిస్తారు. కట్ల చేప వచ్చి మూతి ఆనించి తిని పోతుంది. ఏనాడూ తవుడు బిల్లు చూడలేదు, కాటా ఎక్కడుందో కనుక్కోలేదు. ఇంతకన్నా నేను ఆయనకు వివరించాల్సిన పని లేకపోయింది. ప్రకటనల కోసం జీమెయిల్లో ఉత్తరాలు చదవడం మానేస్తామని గూగుల్ 2017లో చెప్పింది. అంటే అప్పటిదాకా యంత్రాలతో చదివించిందన్నమాట. మనకొచ్చే మెయిళ్లు మనమే చదవం, పోనీలే ఎవరో ఒకరు చదివారు అని తృప్తి పడ్డాం.

గూగుల్ ఇప్పుడిచ్చే జాగా 15 జీబీ. మెయిళ్లు, ఫొటోలు, డ్రైవు అన్నీ అందులోనే సర్దుకోవాలి. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా వచ్చి అక్కడే కాపురం పెట్టింది. ఇక చూడండి. కైకలూరు దగ్గరి ఆటపాక గూడబాతుల మీద "శుభోదయం" అని రాసిన బొమ్మ బావమరిది పంపుతాడు. అదే గూడబాతు వియ్యంకుడి దగ్గర్నుంచి గులాబీతో వస్తుంది. కుటుంబం గ్రూపులో మూడోసారి వస్తుంది, ఈసారి పాటతో సహా. జాగా నిండిన రోజు నుంచి కొత్త మెయిలు లోపలికి రాదు. అమ్మాయి ఇంటర్వ్యూ కబురు గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లిపోతుంది. లోపల గూడబాతులు హాయిగా ఉంటాయి.

సాఫ్ట్‌వేరు దగ్గరికి వచ్చేసరికి మన తత్వం ఇంకా ముదిరింది. దొంగ ఉచితమైతే ధైర్యం, దొర ఉచితమైతే అనుమానం. ఏలూరు పవర్‌పేటలోనో తాడేపల్లిగూడెంలోనో ఏ శుభలేఖల షాపుకైనా వెళ్లండి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 నడుస్తుంటుంది. అది 2001 నాటి సరుకు. తయారుచేసిన అడోబే దాన్ని ఎప్పుడో వదిలేసింది, మనం వదల్లేదు. పక్కన అను ఫాంట్లు, పెన్‌డ్రైవులో వచ్చినవి. "ఫ్రీయేనండి!" అంటాడు షాపాయన గర్వంగా. ఆ మేటరు డల్లాస్‌లో మేనల్లుడికి మెయిలు చేస్తే అక్కడ "చి.ల.సౌ." పోయి పురుగులు పాకినట్టు ఏవో గీతలొస్తాయి. అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడు కాదు మరి! పెళ్లికూతురి పేరు ఫోను చేసి కనుక్కున్నాడు పాపం.

గురజాడ, గిడుగు, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ పేర్లతో చక్కటి యూనికోడు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. దింపుకోవచ్చు, వ్యాపారానికీ వాడుకోవచ్చు, పైసా అడగరు. ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే ఉచిత లిబ్రే ఆఫీసు తెలుగు మెనూలతోనే దొరుకుతుంది. ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాడమని స్వేచ్ఛ సంస్థవాళ్లు ఏళ్ల తరబడి కాలేజీల వెంట తిరిగి చెబుతూనే ఉన్నారు. షాపాయన మాత్రం ఒప్పుకోడు. "ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో లిటిగేషన్ ఉంటాదండి" అంటాడు, తాళం పగలగొట్టిన పేజ్‌మేకర్ తెరుస్తూ. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఉచిత మరమ్మతులు ఆపేసిందని చెబితే, మాది ఎక్స్‌పీ కాబట్టి మాకా బాధ లేదన్నాడు.

ఆ అక్టోబరులోనే కేంద్ర హోంమంత్రి అమిత్ షా తన మెయిలు జోహోకు మార్చినట్టు ప్రకటించారు. తెన్‌కాశి దగ్గర పల్లెలో ఉండే శ్రీధర్ వెంబు పెంచిన కంపెనీ అది. మెయిల్లో ప్రకటనలు పెట్టరు, మెచ్చుకోవాలి. మన రైతుగారికీ దేశభక్తి పొంగింది. జోహోలో ఖాతా తెరిచారు, ఈసారి పాస్‌వర్డు సొంతంగా పెట్టుకున్నారు. బ్యాంకుకు చెప్పలేదు, పాన్‌కు చెప్పలేదు, మేత కంపెనీకి చెప్పలేదు. వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం మూడు రంగుల జెండాతో పెట్టారు. పాస్‌వర్డు మరిచిపోతే పనికొస్తుందని ఇచ్చిన మెయిలు ఏదో తెలుసా? కుర్రాడి ఫోను నంబరు మీద పుట్టిన ఆ పాత జీమెయిలే.

జీమెయిలైనా, జోహో అయినా, స్విట్జర్లాండువాళ్ల ప్రోటాన్ మెయిలైనా మీ ఇష్టం. ఒక్కటి మాత్రం ఈ పూటే చేయండి. మీ ఖాతా సెట్టింగ్సు తెరిచి, రికవరీ ఫోను అన్నచోట ఎవరి నంబరుందో చూడండి. మీది కాకపోతే పాస్‌వర్డు గుర్తున్నప్పుడే మార్చుకోండి. తర్వాత చూద్దాంలే అని ఖాతాను వదిలేయకండి: రెండేళ్లు తెరవకపోతే దాన్ని గూగుల్ తీసేయవచ్చు, 2023 డిసెంబరు నుంచి అదే రూలు.