లాజిక్ మామయ్య

మా మామయ్య లెక్కలో సినిమాలు రెండు రకాలు. ఆయన పొగిడేవి, ఆయన చూసేవి. రెండు జాబితాల్లోనూ ఉన్న సినిమా ఏదైనా ఉందేమో నాకింతవరకూ కనబడలేదు.

పొగిడే జాబితాలో మొదటిది 1955 నాటి 'మిస్సమ్మ'. చెన్నై వడపళనిలో విజయా వాహినీ స్టూడియోలున్న చోట ఇప్పుడొక మాల్ ఉంది, మాల్‌లో సినిమా హాళ్లున్నాయి. అక్కడ ఎస్కలేటర్ ఎక్కినప్పుడల్లా మామయ్య గుండె బరువెక్కుతుంది. "ఒరేయ్, సావిత్రి నడిచిన నేలరా ఇది! అలాంటి చోటికొచ్చి మనమేం చూస్తున్నామో చూడు." ఆ రోజు ఏం చూడాలో తేల్చింది ఆయనే. టికెట్లు కొన్నది నేను. ఆ డబ్బుల ఊసు ఆయన ఎత్తడు. మేనమామ కాబట్టి నేనూ ఎత్తను. ఇలా పత్రికలో రాసుకుంటాను.

ఆయన రైల్వేలో ఆడిట్ చూసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ ఆడిట్ వదల్లేదు. తెర మీద ఎవడు ఎవణ్ణి కొట్టినా మామయ్య నా చెవిలో ఓచర్లు అడుగుతారు. "పైకెగిరినవాడు కిందపడేలోపు హీరో కాలర్ ఎలా సర్దుకున్నాడ్రా? ఇంతమంది రౌడీలకి ఆ విలన్ పీఎఫ్ కడుతున్నాడంటావా?" ముందువరసలో వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. ఆయన వాళ్లనీ అడుగుతారు, తమిళంలో.

2025 పొంగల్‌కి జరిగింది చెప్తాను. సుందర్ సి. తీసిన 'మద గజ రాజా' 2013 పొంగల్‌కే రావలసిన సినిమా. డబ్బు చిక్కుల్లో పడి డబ్బాలోనే ఉండిపోయింది. ఒక పుష్కరం గడిచాక, అజిత్ 'విడాముయర్చి' వాయిదా పడి పండగ ఖాళీ అయ్యేసరికి, జనవరి 12న బయటికొచ్చింది. సరిగ్గా అదే రోజు బాలకృష్ణ 'డాకు మహారాజ్' కూడా వచ్చింది. ఇంట్లో తమిళం మాట్లాడితే కోప్పడే మామయ్య తెలుగు సినిమా వదిలేసి దీనికే పదమన్నారు. కారణం అడిగితే, "హీరో విశాల్ మన తెలుగువాళ్ల అబ్బాయే కదరా. హీరోయిన్ అంజలిది రాజోలు. ఇంకా ఏం కావాలి?" అన్నారు. ఈ తెలుగువాళ్ల జాబితాలో, సినిమాలో ఉన్న సోనూ సూద్‌ని ఎలా కలుపుతారా అని చూశాను. "ఆయనకి 'అరుంధతి' ఉందిగా!" అన్నారు.

సినిమా ఎలా ఉంటుందో మీకు తెలుసు. కొట్లాట, పాట, సంతానం వెటకారం, మళ్లీ కొట్లాట. హీరోగా మారిపోయిన సంతానాన్ని పాత కమెడియన్‌గా చూసేసరికి హాలంతా ఊళ్లో చుట్టం దిగినంత సంబరపడింది. మామయ్య మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఈలోగా మనోబాల శవంగా పడి ఉండే ఘట్టం వచ్చింది. ఆ శవంతో హీరో బృందం పడే పాట్లే కామెడీ. మనోబాల 2023 మే నెలలో నిజంగానే కన్నుమూశారు. పోయిన మనిషి పోయినవాడి వేషంలో ఇంతమందిని నవ్విస్తున్నాడే అని నాకొక్క క్షణం ఏదోలా అయింది. పక్కకి తిరిగితే మామయ్య కళ్లజోడు తీసేసి, నా తొడ మీద దబదబా బాదుతూ, ఊపిరాడక దగ్గుతున్నారు. మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది. ఓచర్ల ప్రసక్తే లేదు.

లైట్లు వెలిగేసరికి ముఖం సర్దుకున్నారు. "మొక్కై పడంరా", అంటే పస లేని సినిమా అని తేల్చి, టికెట్టు కంటే ఖరీదైన పాప్‌కార్న్ తెప్పించుకున్నారు. నా చేతే.

అంతా అయ్యాక బయట మైకులు. 2024 నవంబరులో 'కంగువా' విడుదలయ్యాక తమిళ నిర్మాతల సంఘం ఒకటి, థియేటర్ల ఆవరణలో యూట్యూబ్ చానళ్లని అడుగు పెట్టనీయవద్దని హాళ్లవాళ్లని కోరింది. అదంతా మామయ్య చెవిన పడినట్టు లేదు, మైకువాళ్ల చెవినా పడినట్టు లేదు. మైకు కనబడగానే ఆయన చొక్కా జేబులోని రెండు పెన్నులూ సరిచేసుకుని, "కామెడీ సూపర్ పా! ఫ్యామిలీతో వచ్చి చూడొచ్చు" అని తమిళంలో తీర్పిచ్చారు. ఆయన ఫ్యామిలీ, అంటే మా అత్తయ్య, ఆ సమయానికి ఇంట్లో అరిసెలు వత్తుతోంది.

ఆటో ఎక్కామో లేదో తీర్పు మారింది. "సంస్కారం లేదురా. ఆడపిల్లల్ని చూపించే పద్ధతా అది?" ఈ మాటలో న్యాయముంది. ఇద్దరు హీరోయిన్లూ కథ కోసం కాక కెమెరా కోసమే ఉన్నారు. ఆ పాటలొచ్చినప్పుడు నేను సెల్‌ఫోన్ చూసుకున్నాను. మామయ్య తెర మీదనుంచి చూపు తిప్పలేదు. ఆడిట్ అంటే అంత నిష్ఠ ఆయనకి.

తరవాత ఆయన వేసే ప్రశ్న ఈ ఊళ్లో చాలామంది పెద్దమనుషులు వేసేదే. "'అన్బే శివం' తీసిన సుందర్ సి. యేనా వీడు?" అవును, ఆయనే. తెలుగులో 'సత్యమే శివం'గా వచ్చిన ఆ కమల్ సినిమా 2003లో ఇలాగే పొంగల్‌కి వచ్చి హాళ్లలో ఆడలేదు. "మీరు ఏ థియేటర్లో చూశారు మామయ్యా?" అన్నాను. వళ్లువర్ కోట్టం దాటేదాకా జవాబు లేదు. "టీవీలో" అన్నారు చివరికి. అదే ఏడు అదే దర్శకుడు తీసిన 'విన్నర్' మాత్రం హాల్లోనే చూశారు. వడివేలు కైప్పుళ్ల వేషాన్ని మా పెళ్లిళ్లలో ఇప్పటికీ అభినయిస్తారు. 1996 నాటి 'ఉళ్లత్తై అళ్లిత్తా' అయితే సరే సరి. దాన్ని తెలుగులో 'వీడెవడండీ బాబూ'గా తీస్తే, అదీ చూసి, అసలుతో పోల్చి తిట్టారు. సుందర్ సి. మళ్లీ 'అన్బే శివం' తీయకపోవడానికి కారణం ఎవరో నాకు బాగా తెలుసు. ఆటోలో నా పక్కనే కూర్చున్నారు.

ఇంటికెళ్లగానే అత్తయ్యతో ఆయన అన్న మొదటి మాట: "వీడు లాక్కెళ్లాడే!" అత్తయ్య నావైపు జాలిగా చూసింది. "ఇంతకీ ఏముందటా అందులో?" అంది. మామయ్య సోఫాలో వెల్లకిలా పడుకుని, కాళ్లు బిగదీసి, నాలుక ఒక పక్కకి వేలాడేసి, శవం సీను మొత్తం ఒక్క చేతి మీద నడిపించారు. అత్తయ్య పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుని, కొంగుతో కళ్లొత్తుకునేంత నవ్వింది. ఆ పూట అరిసెలు కాస్త గట్టిపడ్డాయి. శవం లేచి కూర్చుని, "అయినా ఇదీ ఒక సినిమాయేనా! లాజిక్ ఉండొద్దూ?" అంది.

ఆ నెలాఖరున ఆ సినిమా తెలుగులోనూ వచ్చింది. పని మీద హైదరాబాద్ వెళ్లి అక్కడ ఒంటరిగా చూశాను. పక్కన మామయ్య లేకపోయేసరికి తప్పులన్నీ నేనే పట్టుకోవలసి వచ్చింది. పక్కసీటాయన రెండుసార్లు ఉష్ అన్నాడు.

చెన్నైలో మైకులు పట్టుకు తిరిగే తమ్ముళ్లకి ఒక్క మనవి. చొక్కా జేబులో రెండు పెన్నులున్న పెద్దాయన హాల్లోంచి బయటికొస్తే ఆయన్ని ఏమీ అడక్కండి. పక్కన నీళ్లసీసా పట్టుకుని ఒక మేనల్లుడు నిలబడి ఉంటాడు. ఆ సీసా ఎంతవరకూ ఖాళీ అయిందో చూసి రాసుకోండి.